ఒక పక్కకి

రోజుకి నూట ముప్పై కిలోమీటర్లు.
చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి
చీకటి పడేలోగా భీమవరం ల్యాబుకి చేర్చే ఉద్యోగం.
రొయ్యకి జబ్బొస్తే ఊరంతటికీ తెలుస్తుంది.
నా నడుం సంగతి
ఆకివీడు దాటాక నాకొక్కదానికే తెలుస్తుంది.

మొదట తువ్వాలు మడిచి వేశాను,
కాళ్ళకూరు వచ్చేసరికి అది తాడైంది.
లారీ డ్రైవరు తాతబ్బాయి గారు పూసల చాప ఇచ్చారు,
"దీని మీద కటకం దాకా పోయొచ్చానమ్మా" అని.
రాత్రి పడుకుంటే ఒంటి మీద పూసలు లెక్కపెట్టొచ్చు.
బెజవాడ నుంచి తెప్పించిన జెల్లు మెత్త
వైశాఖంలో పెనం.
ఆటో ట్యూబుకి సగం గాలి కొట్టి కట్టాను.
అది సీటు కాదు, నావ.
లోసరి దగ్గర మునిగింది.

"స్కూటీ కొనుక్కోండి మేడం" అన్నాడు
మా ల్యాబు కుర్రాడు సాల్మన్.
వానాకాలం గట్టు మీదికి రమ్మన్నాను వాణ్ణి.
చిన్న చక్రం ఎప్పుడూ చెరువు పార్టీయే.

పాలకొల్లులో కాలవ పక్కన
రేకుల షెడ్డులో కాలేషా సీట్లు కుడతాడు:
ఆటోలవి, ట్రాక్టర్లవి, ఓసారి పళ్ళ డాక్టరు కుర్చీ.
నన్ను చూసి, బండిని చూసి,
"ఆయ్, ఇది మా ఆవిడ పనండి" అని
రోడ్డు వైపు తిరిగి సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఉండిపోయాడు.

జైతూన్ లోపల్నించి పళ్ళెం తెచ్చింది.
కాలవ పూడిక తీసినప్పుడు దాచిన నల్లమట్టి
తడిపి, పిసికి, గారెల పిండిలా చదును చేసి
పైన ఓ పాలిథిన్ కాగితం.
"కూర్చో. ఊపిరి బిగబట్టకు.
బండి మీద ఎలాగో అలాగే."

కూర్చున్నాను.
కాలవలో గుర్రపుడెక్క కదలకుండా ఉంది.
లేచాను.
ఇద్దరం వంగి చూశాం
బియ్యంలో రాళ్ళు వెతికేవాళ్ళలా.

కుడి పక్క అర వేలెడు లోతు.
ఎడమ పక్క సోలెడు నీళ్ళు పడతాయి.
"సీసాల పెట్టె ఎటు వేసుకుంటావ్?"
"వెనక, క్యారియర్ మీద."
"మరి ఇదేంటి?"
తెలీదన్నాను.
తను మట్టిని, జ్వరం చూసినట్టు,
మునివేళ్ళతో తాకి
"వెనక కూర్చున్నది ఎన్నేళ్ళు?" అంది.

పదహారేళ్ళు.
రెండు కాళ్ళూ ఎడమకే,
ఓ చెయ్యి సీటు కింద కమ్మీకి,
ఓ చెయ్యి కొంగుకి,
ఒళ్ళో కూరల సంచో, నిద్రపోయిన పిల్లో.
ఈ బండే. ఈ సీటే, వెనక సగం.
షుగరు ఆయన చూపు తినేశాక
తాళం నా చేతికొచ్చింది, లైసెన్సు వచ్చింది,
కాళ్ళు చెరో పక్కకీ వచ్చాయి.
నడుముకి మాత్రం ఎవరూ చెప్పలేదు
ముందుకొచ్చామని.

జైతూన్ నవ్వలేదు.
"నేనెంత నింపినా నువ్వు సగమే వాడతావు" అంది.
అంబాజీపేట పీచు, పైన రబ్బరు, ఆ పైన స్పాంజి.
ముందు సన్నం, వెనక వెడల్పు.
కుట్టుని ఒంటికి తగలకుండా అంచుకి తోసి,
ఎడమ వైపు ఓ వేలెడు గట్టు కట్టింది.
"ఇటు జారితే పొడుస్తుంది. తిట్టుకో, పర్లేదు."
తొమ్మిది వందలు.
ఏడిచ్చాను, మిగతావి శుక్రవారం అన్నాను.

తిట్టుకున్నాను.
మొగల్తూరు రోడ్డులో గోతికో జైతూన్.
పదో రోజు తిట్టడం మర్చిపోయాను,
ఆ సంగతి కూడా రాత్రి అంట్లు తోముతుంటే గానీ గుర్తు రాలేదు.

ఆదివారం ఆయన్ని వెనక ఎక్కించుకుంటే
"వెనకంతా ఇంత గట్టిగా ఉందేంటి?" అన్నారు.
"అదెప్పుడూ అంతేనండి" అన్నాను.

నర్సాపురం రేవులో పంటు ఎక్కాక
అందరూ బళ్ళు దిగి నడుం విరుచుకుంటారు,
వేరుశనక్కాయలు కొంటారు.
ఇన్నాళ్ళూ నేనూ అంతే.
నిన్న స్టాండు వేసి, దిగబోయి,
దిగలేదు.
గోదారి మధ్యలో
సీటు మధ్యలో
కూర్చునే ఉన్నాను.
"దిగాలమ్మా" అన్నాడు టిక్కెట్టు మనిషి.
"ఏం, మునుగుద్దా?"
సఖినేటిపల్లి ఇంకా దూరంగానే ఉంది.